గనుల లైను మీద మా నాయనమ్మ పగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా రైలు ఊసెత్తితే మా తాతయ్య చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. హైదరాబాదు జహనుమాలో ఇల్లు పెట్టుకుని రైలంటే గిట్టకపోవడం ఒక వింత. ఫలక్‌నుమా స్టేషనులో ఇంజను కూత పెడితే మా వంటింట్లోకి వినిపించేది. ఆయన పిండి గిర్నీలో పనిచేసేవాడు. పొద్దున వెళ్లి, సాయంత్రానికి కనుబొమలతో సహా తెల్లబడి వచ్చేవాడు. గిర్నీకి ముందు ఏం చేసేవాడని నేనెప్పుడూ అడగలేదు. పిల్లలకు పెద్దవాళ్లు పుట్టుకతోనే పెద్దవాళ్లు.

మా నాయనమ్మ మాట తక్కువ మనిషి. మాట తక్కువైతే మనసు మెత్తన అనుకుంటారు జనం. మా గల్లీవాళ్లూ అలాగే అనుకునేవారు. ఒకసారి పాలవాడు పాలలో నీళ్లు కలిపితే ఆమె వాడిని పల్లెత్తు మాట అనలేదు. నెల తిరిగేసరికి మా గల్లీలో వాడి దగ్గర పాలు పోయించుకునే ఇల్లు ఒక్కటీ మిగలలేదు. ఏం చేసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను అయిదో తరగతిలో ఉండగా మా బడికి ఒక పెద్దమనిషి వచ్చాడు. హుస్సేనీ ఆలంలో ఉండేవాడు, రిటైరైన స్టేషన్ మాస్టరు, మా హెడ్ మాస్టరుకు స్నేహితుడు. ఇస్త్రీ కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని వచ్చి బొగ్గు గనుల లైనులో తాను పనిచేసిన రోజుల గురించి మాకు చెప్పాడు. ఒకనాడు గని దగ్గర నిలిపిన బొగ్గు వ్యాగన్లు బ్రేకులు ఊడి, ఇంజను లేకుండా పల్లంలోకి జారాయట. కింద స్టేషనులో జనంతో నిండిన రైలు నిలబడి ఉందట. లివరు దగ్గర ఉండాల్సిన పనివాడు డ్యూటీ వదిలేసి ఎటో పోయాడట. అప్పుడు తానే పరుగెత్తుకెళ్లి లివరు వేసి, వ్యాగన్లను పక్క పట్టాల మీదికి మళ్లించి, అంతమంది ప్రాణాలు కాపాడాడట. చెబుతుంటే మాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఆ కథను వ్యాసంగా రాయమన్నారు. నేను రాసినదానికి మొదటి బహుమతి వచ్చింది. ఆయనే తన చేత్తో ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చాడు. నేను ఆయన కాళ్లకు దండం పెట్టాను. ఈ ఒక్క మాట రాయడానికి అరవై ఏళ్ల తర్వాత కూడా నాకు చేయి రావడం లేదు.

ఇంటికి ఎగురుకుంటూ వచ్చి ఆ వ్యాసాన్ని గట్టిగా చదివాను. నాయనమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తాతయ్య అప్పుడే గిర్నీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. 'డ్యూటీ ఎగ్గొట్టిన ఆ సోమరిపోతు' అని నేను రాసిన మాట దగ్గర తాతయ్య చెంబు కింద పెట్టి, తడి కాళ్లతోనే బయటికి వెళ్లిపోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. నాయనమ్మ మాత్రం చివరిదాకా విన్నది. విని, మళ్లీ ఒకసారి చదవమన్నది. చదివాను. అప్పుడు చాట పక్కన పెట్టి, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ సోమరిపోతు ఎవరో చెప్పింది.

నిజాం కాలంలో బొగ్గు కోసం వేసిన లైను అది. పెద్ద లైను మీద ఉన్న జంక్షను దగ్గర విడిపోయి, అడవిలోంచి వెళ్లి, గనుల దగ్గర ఆగిపోయేది. మనుషుల కోసం వేసింది కాదు. బొగ్గు వ్యాగన్ల తోకకు రెండు పెట్టెలు తగిలించి అందులో జనాన్ని ఎక్కించేవారు. అంగడికి వెళ్లే ఆడవాళ్లు తెల్ల చీర కట్టుకుని ఆ రైలెక్కేవారు కాదట. గని ఎత్తు మీద ఉండేది, స్టేషను పల్లంలో ఉండేది, మధ్యలో కొండ పక్కన ఒక చిన్న గది. ఆ గది పక్కన పట్టాలు మార్చే లివరు. పైనుంచి వ్యాగన్లు అదుపు తప్పి జారితే, ఆ లివరు వేస్తే అవి స్టేషను మీదికి రాకుండా పక్కనున్న చిన్న పట్టాల్లోకి మళ్లి, చివర పోసిన ఇసుక గుట్టలో కూరుకుపోతాయి. ఆ లివరు దగ్గర ఉండటమే మా తాతయ్య ఉద్యోగం. పాయింట్స్‌మన్ అనేవారు.

ఆ రోజు మాస్టరు ఇంటికి చుట్టాలు వచ్చారు. పొయ్యిలోకి కట్టెలు కొట్టిపెట్టమని డ్యూటీలో ఉన్న తాతయ్యను మాస్టరే తన ఇంటికి పంపాడు. నాయనమ్మ ఎప్పటిలాగే సద్ది తీసుకుని లివరు గది దగ్గరికి వెళ్లింది. మనిషి లేడు. ఎక్కడికి పోయాడా అని చూస్తుంటే ఎత్తు మీది నుంచి నిండు వ్యాగన్లు, ముందు ఇంజను లేకుండా, దొర్లుకుంటూ వస్తున్నాయి. రోజూ మొగుడు ఆ లివరు వేయడం చూసినదే. సద్దిగిన్నె పడేసి వేసింది. వ్యాగన్లు ఇసుకలో దిగబడ్డాయి. దుమ్ము అణిగాక మాస్టరు రొప్పుకుంటూ వచ్చాడు. లివరు మీద ఇంకా నాయనమ్మ చేతులు ఉన్నాయి.

మర్నాడు పైనుంచి వచ్చిన అధికారికి మాస్టరు లివరు తానే వేశానని రాసిచ్చాడు. పాయింట్స్‌మన్ డ్యూటీ వదిలి పోయాడని కూడా రాశాడు. తాతయ్యను గదిలోకి పిలిచి చెప్పిన మాట నాయనమ్మ నాకు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"నీ పెండ్లాం లివరు ముట్టిందని బయటవడితే ఇద్దర్నీ జైల్ల ఏస్తరు. నోరు మూస్కోని ఉండు."

బయటి మనిషి లివరు ముట్టుకోవడం నిజంగానే నేరం. తాతయ్య భయపడ్డాడు. ఉద్యోగం పోయింది, క్వార్టర్ పోయింది. మూటాముల్లె కట్టుకుని, చంకలో మా నాన్నను ఎత్తుకుని హైదరాబాదు చేరారు. మాస్టరుకు మెడలో దండ పడింది, పెద్ద స్టేషనుకు బదిలీ అయింది.

విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. బహుమతి పెన్నును తీసుకెళ్లి మురుగు మోరీలో పడేశాను. హుస్సేనీ ఆలం వెళ్లి ఆయన కిటికీ అద్దాలు పగలగొడతానన్నాను. నాయనమ్మ నన్ను ఆపలేదు, తిట్టలేదు.

"గోటితోని పోయేదానికి గొడ్డలెందుకు బిడ్డా. రాయేస్తె లొల్లయితది, జనమంత వాన్నే అయ్యో అంటరు" అన్నది. "వాని నోటితోని వాడే చెప్పుకోవాలె."

అవకాశం ఆయనే తెచ్చిపెట్టాడు. ఆ లైనులో పనిచేసి రిటైరై నగరంలో ఉంటున్నవాళ్లంతా కలిసి లైను చరిత్రను ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయాలనుకున్నారు. రాసే పని మాస్టరు నెత్తికెత్తుకున్నాడు. అచ్చుకు ఇచ్చేముందు అందరికీ చదివి వినిపించడానికి ఫలక్‌నుమా స్టేషను దగ్గర ఒక హాల్లో ఆదివారం మధ్యాహ్నం కూడుతున్నారు. అక్కడ నా వ్యాసం నాచేత చదివించాలని ఆయనకు ముచ్చట పుట్టింది. మా హెడ్ మాస్టరుతో కబురు పంపాడు. నేను ఎవరి మనవరాలినో ఆయనకు తెలియదు. ఆ పుస్తకం అచ్చయిందంటే మా తాతయ్య ఆ లైను ఉన్నంతకాలం డ్యూటీ ఎగ్గొట్టినవాడుగానే ఉండిపోతాడని మాత్రం నాకు ఆ వయసులోనే తెలిసిపోయింది.

తాతయ్య వద్దన్నాడు. పాతదాన్ని తవ్వుకోవడం ఎందుకు, గంజో గటకో తాగి బతుకుతున్నాం కదా అన్నాడు. నాయనమ్మ మాత్రం ఆ వారమంతా రోజూ నాచేత ఒకే ఒక్క ప్రశ్న చెప్పించింది. ఎలా నిలబడాలో, ఎంత అమాయకంగా అడగాలో నేర్పింది. ఆ ప్రశ్నలో ఏముందో నాకు అర్థం కాలేదు. దొంగ అని అరుస్తాను, అదే బాగుంటుంది కదా అని గునిశాను.

"అబద్ధం చెప్పెటోన్ని ఎన్నడు ఆపొద్దు. ఇంకింత చెప్పుమనాలె. ఉత్తగ అతుకులు అవే ఊడుతయి" అన్నది.

హాల్లో ముప్పై మంది దాకా ముసలివాళ్లున్నారు. పట్టాలు బాగుచేసిన గ్యాంగువాళ్లు, బొగ్గు ఎత్తిపోసినవాళ్లు, జెండాలు ఊపినవాళ్లు. అందరికంటే పెద్దవాడు ఒక ముసల్మాను తాత, ఆ లైనులో ఇంజను నడిపినవాడు. అందరూ ఆయన్ని డ్రైవర్ సాబ్ అని పిలిచేవారు. ఆయన్నే నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. నాయనమ్మ ముఖం మీదికి కొంగు లాక్కుని వెనక గోడ వారగా నిలబడింది. పిల్లను తోడుకుని వచ్చిన ముసలామెను ఎవరు పట్టించుకుంటారు?

నేను వ్యాసం చదివాను. 'సోమరిపోతు' దగ్గర నాలుక తడబడింది, అయినా చదివాను. చప్పట్లు కొట్టారు. మాస్టరు నా తల నిమిరాడు. అప్పుడు, నేర్పినట్టే, చేతులు కట్టుకుని అడిగాను.

"తాతా, ఆ లివరు ఎట్ల ఏసిన్రు? నాకు చూపెడ్తరా?"

ఆయన ఎంత మురిసిపోయాడో. లేచి నిలబడి, చేతికర్రను నేలమీద నిటారుగా పెట్టాడు. అదే లివరన్నమాట. కాళ్లు రెండూ ఎడం చేసి, రెండు చేతులా దాన్ని పట్టి, పళ్లు బిగించి, తన గుండెల మీదికి లాగాడు. "గిట్ల, ప్రాణం బోయేదాక గుంజిన బిడ్డా" అన్నాడు.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒక గ్యాంగు ముసలాయన పక్కవాడి ముఖం చూశాడు. ఇంకొకాయన దగ్గాడు. మాస్టరుకు అదేమిటో తెలియలేదు. సరిగ్గా కనిపించలేదేమో అనుకుని, ఈసారి ఇంకాస్త వెనక్కి వాలి, మళ్లీ గుంజి చూపించాడు.

డ్రైవర్ సాబ్ మెల్లగా అడిగాడు.

"మాస్టర్ సాబ్, ఆడ ఎన్కకు బండ ఉంటది కదా. ఏడికి గుంజిన్రు?"

నాకు సంగతి అప్పుడు తెలిసింది. ఆ లివరు కొండను ఆనుకుని ఉంది. లైను వేసినప్పుడు అక్కడ మనిషి వెనక్కి వాలి లాగడానికి చోటు లేకపోయింది. అందుకని ఆ ఒక్క లివరును మిగతా అన్నిటికీ ఉల్టాగా, ముందుకు తోసేటట్టు బిగించారు. ఆ లైనులో దుమ్ము తిన్నవాడెవడికైనా అది తెలుసు. కొత్తగా వచ్చిన పాయింట్స్‌మన్‌ను లివరు గుంజమని పంపించి, వాడు వీపు బండకు కొట్టుకుంటుంటే దూరం నుంచి నవ్వడం వాళ్లకు ఆటవిడుపు. తెలియనిది ఒక్క స్టేషన్ మాస్టరుకే. ఎందుకంటే ఆయన ఎన్ని ఏళ్లు పనిచేసినా ఎండలో ఆ ఎత్తెక్కి ఒక్కనాడూ ఆ లివరు మీద చెయ్యి వేసింది లేదు.

ఆయన ఏదో అనబోయాడు. వయసు మీద పడిందని, మరిచిపోయానని. ఈలోగా నాయనమ్మ గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చింది. ఆయన చేతిలోని కర్రను అడగకుండానే తీసుకుంది. పక్కనున్న గోడకు వీపు ఆనించి, ఒక మడమ గోడకు తన్నిపట్టి, కర్రను రెండు చేతులా ముందుకు తోసింది. ఆ తోయడంలో ఆమె కొంగు తల మీది నుంచి జారిపోయింది.

"గిట్ల" అన్నది.

మాస్టరు ఆమెను గుర్తుపట్టాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను. రంగు మారడం, పెదవి వణకడం, ఒక్కటీ వదలకుండా చూశాను. పండుగ భోజనం చేసినట్టుంది నాకు. పదేళ్ల పిల్లకు అంత కసి తగునా అంటే, తగుతుంది. తాతయ్య తడి కాళ్లతో బయటికి వెళ్లడం చూసిన పిల్లను నేను.

నాయనమ్మ జరిగినదంతా చెప్పింది, కట్టెలు కొట్టడానికి పంపిన సంగతితో సహా. ఒక్క తిట్టు లేదు, ఒక్క కన్నీటి చుక్క లేదు. విన్నాక డ్రైవర్ సాబ్ లేచి నిలబడి తల మీది టోపీ సర్దుకున్నాడు. ఆ రోజు కింద స్టేషనులో నిలబడి ఉన్న రైలుకు ఇంజను డ్రైవరు ఆయనే. "బెహన్, గిన్నేండ్లు నేను గీయన చెయ్యి వట్టుకుని షుక్రియా చెప్పిన" అన్నాడు. పుస్తకంలో ఏం ఉండాలో, ఎవరి పేరు ఉండాలో ఇక నువ్వే చెప్పమన్నాడు.

నాలుగు రోజుల తర్వాత మాస్టరు మా ఇంటికి వచ్చాడు. కోటు లేదు. నులక మంచం అంచున కూర్చున్నాడు. ఆ ప్రమాదం సంగతి మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోమన్నాడు. ఒక్కటే అడిగాడు. లైనులో పనిచేసిన స్టేషన్ మాస్టర్ల పట్టికలో మాత్రం తన పేరు ఉండనివ్వమన్నాడు. పద్నాలుగేళ్లు అక్కడ పనిచేశానని, తన పిల్లలు ఆ పుస్తకం కోసం ఎదురుచూస్తున్నారని అన్నాడు. అంటూ ఏడ్చాడు.

మా తాతయ్య మనసు కరిగింది. తనకు జరిగిన అన్యాయం గురించి ఆయన నోరు విప్పి మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

"ఉండనియ్యరాదు. పని చేసిండు గద. చేసినోన్ని చెయ్యలేదంటె గది గూడ అబద్ధమే. నాకు చేసిందదే."

నాయనమ్మ మాస్టరుకు లోటాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తర్వాత తాతయ్య వైపు తిరిగింది.

"నీ వంతు నువ్వు మాఫ్ చేస్కో. నా వంతు నేను చెయ్య."

మాస్టరు నీళ్లు తాగి వెళ్లిపోయాడు. మర్నాడు డ్రైవర్ సాబ్ రాతప్రతి పట్టుకుని వచ్చాడు. నాయనమ్మకు చదువు రాదు కనుక నేనే చదివి వినిపించాను. డ్యూటీలో ఉన్న మనిషిని మాస్టరు తన ఇంటి పనికి పంపాడని, ఆ మాస్టరు పేరెత్తకుండా, అందులో కొత్తగా రాశారు. మా తాతయ్య పేరు రాశారు, ఆయన భార్య లివరు వేసిందని రాశారు. నాయనమ్మ తల ఊపింది. ఆ తర్వాత మాస్టర్ల పట్టిక ఎక్కడుందో అడిగింది. చూపించాను. ఆయన పేరు మీద వేలు పెట్టించుకుని, కొట్టెయ్యమన్నది. పెన్సిలుతో గీత నేనే గీశాను. కాగితం చిరిగేంత గట్టిగా గీశాను. తాతయ్య గడపలో నిలబడి చూశాడు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. పట్టికలో ఆ పద్నాలుగేళ్లకు ఎదురుగా పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది.

తాతయ్యకు ఉద్యోగం తిరిగి రాలేదు. చివరిదాకా గిర్నీలోనే చేశాడు. కాకపోతే సాయంత్రాలు ఫలక్‌నుమా స్టేషను దాకా నడిచి వెళ్లి, బెంచీ మీద కూర్చుని, వచ్చే పోయే బండ్లను చూసి వచ్చేవాడు. నన్ను కూడా తీసుకెళ్లేవాడు. ఆ గనుల లైనులో మనుషుల పెట్టెలు ఎప్పుడో తీసేశారు. బొగ్గు మాత్రం పోతూనే ఉందంటారు.

మొన్న చలికాలంలో ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కాలేజీలో ఆ లైను చరిత్ర మీద ఏదో రాస్తోందట. పుస్తకంలో మా తాతయ్య పేరు చూసి, అడుగుతూ అడుగుతూ జహనుమా చేరింది. మంచి పిల్ల. వచ్చీ రాగానే ఫోనులో ఒక పాత ఫొటో చూపించింది.

"ఈయన మా డాడీకి తాత అయితడు ఆంటీ. ఆ లైన్ల స్టేషన్ మాస్టర్ చేసిండని ఇంట్ల చెప్తరు. బుక్కుల మాత్రం పేరు లేదు. మీకేమన్న యాదికుందా?"

ఫొటోలో కోటు తొడుక్కున్న ఆ ముఖాన్ని చాలాసేపు చూశాను. తాతయ్య గడపలో నిలబడి చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ పిల్ల నాకు చేసిన అన్యాయం ఏమీ లేదు. తన ముత్తాత గొప్పవాడని నమ్మి, ఆ మాట నాలుగు చోట్ల చెప్పుకోవాలని ఆశపడుతోంది. నేనూ ఒకప్పుడు అంతకంటే చిన్న వయసులో ఆ మనిషినే గొప్పవాడని రాసినదాన్ని.

"లేదమ్మా, గీయనను నేనెన్నడు చూడలే" అన్నాను.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. చాయ్ పోసి ఇచ్చాను, ఇంకో కప్పు తాగమని బలవంతం చేశాను, గల్లీ చివరిదాకా సాగనంపి వచ్చాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. తాతయ్య చెప్పిందే న్యాయమని నాకు తెలుసు. ఆయన చెప్పినప్పుడు, పదేళ్ల వయసులోనే తెలుసు. కానీ నన్ను పెంచింది నాయనమ్మ. ఆమె నాకు నేర్పినదాన్ని వదులుకోవాలని నాకు లేదు. అందుకే ఇంత రాసినా ఆ మనిషి పేరు ఎక్కడా రాయలేదు, రాయను కూడా.